నరం ఉన్న నాలుక

మాట మీద నిలబడనివాణ్ణి చూసి మన ఊళ్ళలో "నరం లేని నాలుక, ఎటంటే అటు తిరుగుతుంది" అంటారు. నేను హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. చాలా ఏళ్ళు ఈ మాట పిల్లలకి చెబుతూ వచ్చాను. ఆరేళ్ళ నుంచి చెప్పడం మానేశాను. మా ఇంట్లో ఒక మనిషికి మెడ కింద అన్నీ ఆగిపోయాయి, నాలుక ఆగలేదు. దానికి నరం లేదని నా నోటితో నేను అనలేను.

ఆ మనిషి మా బావ, మా అక్క భర్త. అంబాజీపేట చుట్టుపక్కల నాలుగూళ్ళలో కొబ్బరి దింపు తీసేవాడు. కాళ్ళకి తాడు బందం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని పొద్దున్నే మొదలుపెడితే భోజనాల వేళకి నలభై చెట్లు దింపేవాడు. వేలితో కొట్టి చూసి కాయ ముదిరిందో లేదో చెప్పేవాడు. 2019 వరదలు తీసిన తర్వాత, మానులు ఇంకా తడిగా ఉన్న రోజుల్లో, మొవ్వు దగ్గర ఒక మట్ట పట్టుకున్నాడు. పైకి పచ్చగానే ఉంది, మొదట్లో కుళ్ళిపోయి ఉంది. ఊడి చేతిలోకి వచ్చింది.

కింద ఉన్న నలుగురూ పరుగెత్తి, ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ళ దగ్గర పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. మెడ కదపకూడదని అక్కడ ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. చెట్టు మీంచి పడినవాణ్ణి కూర్చోబెట్టకూడదు. 108 వచ్చేదాకా కదపకుండా ఉంచాలి. తప్పనిసరిగా కదపాల్సి వస్తే తలా మెడా ఒక్క తీరుగా ఉండేలా పట్టుకుని, చదునైన చెక్క మీద పడుకోబెట్టాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. కోనసీమలో చెట్టెక్కే మనిషి లేని ఊరు లేదు.

మెడలో ఏడు ఎముకలుంటాయి. వాటి నడుమ నుంచి వెన్నుపాము దిగుతుంది. చేతులకి వెళ్ళే నరాలు ముఖ్యంగా మెడలో అయిదో నరం మొదలుకుని ఛాతీలో మొదటి నరం దాకా ఉన్న చోట్ల చీలి బయటికి వస్తాయి. బావకి దెబ్బ నాలుగో నరం దగ్గర తగిలింది. తల తిప్పగలడు, భుజాలు ఎగరేయగలడు, ఊపిరి తనంతట తాను తీసుకోగలడు. మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటికి కబురు వెళ్ళే దారే తెగింది. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. లాకు దగ్గర కాలవ కట్టేస్తే కింద పొలాలన్నీ ఎండిపోతాయి, అందులో పొలాల తప్పేమీ లేదు.

నాలుకకి నీళ్ళు ఆ కాలవలోంచి రావు. ఆనకట్టకి ఎగువనే చీలిన పాయ అది. మెదడు నుంచి నేరుగా బయల్దేరే కపాల నాడులు పన్నెండు జతలు, నాలుకని కదిపేది పన్నెండో జత. మెదడు అడుగున ఉండే మెడుల్లా దగ్గర పుట్టి, పుర్రె అడుగున ఒక చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చి, దవడ కిందుగా నాలుకలోకి వెళ్తుంది. వెన్నెముక గొట్టంలో దానికి పనే లేదు. అందుకే మెడ విరిగినా సాధారణంగా నాలుక మిగులుతుంది.

మిగలడమే కాదు, అది చాలా నేర్పున్న అవయవం. కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు 1930లలో, ఆపరేషన్ బల్ల మీద మెలకువగా ఉన్న రోగుల మెదడుని సన్నటి కరెంటుతో తాకి చూస్తూ, ఏ చోటు ఏ అవయవాన్ని కదుపుతుందో పటం తయారుచేశాడు. ఆ పటంలో వీపూ నడుమూ కొంచెం జాగాలో సర్దుకుంటే చేతివేళ్ళూ పెదవులూ నాలుకా పెద్ద వాటాలు తీసుకున్నాయి. ఇది నమ్మడానికి మనకి కెనడా దాకా వెళ్ళే పని లేదు. పులస తినేటప్పుడు చూసుకోండి. వెంట్రుకంత ముల్లుని ముద్దలోంచి వేరుచేసి, గుచ్చుకోకుండా తిప్పి, పెదవి చివరికి తెచ్చేది నాలుకే. అక్కడ కన్ను చూడదు, చెయ్యి తాకదు. రోజంతా నమిలి, మాట్లాడి, మింగి, రాత్రికి కూడా అలిసిపోయానని అనదు.

వేళ్ళు చేసే పని చెయ్యగల నేర్పు ఇంత ఉన్నప్పుడు, చేతులు పోయిన మనిషికి మనం ఏం చూపిస్తున్నాం?

బావ పడిన ఏడాదిన్నరకి మండల కేంద్రంలో ఉపకరణాల శిబిరం పెట్టారు. మంచం మీద మోసుకెళ్ళాం. అక్కడ బావకి రాసిచ్చింది చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిలు. చేతులు పనిచెయ్యవని అక్క చెబితే, "ఇంట్లో ఇంకెవరైనా తిప్పుతారులెండి" అన్నారు. ఆ అన్నతను చెడ్డవాడు కాదు. అతని ముందున్న కాగితంలో వరసలు అంతే ఉన్నాయి. కాళ్ళు లేనివాళ్ళకి ఏమివ్వాలో ఆ కాగితానికి తెలుసు. చేతులు లేనివాళ్ళ గురించి అది అడగనేలేదు.

పింఛను వస్తోంది. 2024 జులై నుంచి మంచం పట్టినవాళ్ళకి నెలకి 15,000 ఇస్తున్నారు. ఆ డబ్బు మా అక్క ఇంటిని నిలబెట్టిందని ఒప్పుకోకపోతే అన్యాయం. కానీ ఆ పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చినప్పుడు జరిగేది చూడండి. బావ బొటనవేలు ఎవరో పట్టుకుని మిషన్ మీద ఆనిస్తారు. వేలిముద్ర పడుతుంది, డబ్బు చేతికొస్తుంది, అంటే అక్క చేతికొస్తుంది. ఫోన్‌పే చెయ్యాలంటే నాలుగంకెల పిన్ను నా మేనల్లుడికి చెప్పాలి. వాడు బంగారం లాంటి పిల్లాడు. ఒకసారి బావ నాతో, "ఈ ఇంట్లో నా వేలు అందరిదీ అయిపోయిందిరా" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్న విషయం చెప్పినట్టు అన్నాడు.

ఇక్కడే చాలామంది అడ్డుపడతారు. "గొంతు బాగానే ఉంది కదా మాస్టారూ. ఫోనుతో తెలుగులో మాట్లాడితే అన్నీ అదే చేసిపెడుతుంది. మళ్ళీ నాలుకతో నడిపే యంత్రాలెందుకు?" స్టాఫ్ రూములో ఈ మాట నాకు ఎన్నిసార్లు ఎదురైందో చెప్పలేను. మంచివాళ్ళే, తెలిసినవాళ్ళే. వాళ్ళకి సమాధానం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట మేమూ అదే అనుకున్నాం. గూగుల్ 2017లో తెలుగులో మాటని రాతగా మార్చడం తెచ్చింది. బావ పడేనాటికి అది చవక ఫోనులో కూడా పనిచేస్తోంది. మంచం కోడుకి వెల్డింగ్ షాపులో ఒక ఇనుప కడ్డీ బిగించి, దానికి ఫోను తగిలించాం. కొన్నాళ్ళు బాగానే జరిగింది. కానీ బావది పాత గొంతు కాదు. పక్కటెముకల మధ్య కండరాలు పనిచెయ్యవు, ఊపిరంతా ఊపిరితిత్తుల కింద పొరలా ఉండే కండరం, ఉదరవితానం, ఒక్కటే లాగాలి. అందుకని గట్టిగా అరవలేడు, ఒక్క ఊపిరిలో పొడుగు మాట చెప్పలేడు. ఫ్యాను తిరుగుతుంటే ఫోను సగం వింటుంది. రేకుల మీద వాన పడితే అసలు వినదు. జులై నుంచి నవంబరు దాకా మాకు వాన పడని వారం ఉంటుందా?

అయినా ఆపింది వాన కాదు. ఇల్లు చిన్నది, మంచం వసారాలో. గాలి వస్తుందని, నలుగురూ కనబడతారని అక్కడ వేశాం. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బావ ఫోనుని అడుగుతున్నాడు: "మెడ విరిగినవాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతారు?" ఫోను ఏదో చదవడం మొదలుపెట్టింది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు మళ్ళీ వినబడలేదు. బావ ఆ చప్పుడు ఆగడం విన్నాడు. ఆ తర్వాత నెల రోజుల పాటు ఫోనుని పాటలు పెట్టమనడం తప్ప ఇంకేమీ అడగలేదు.

గొంతు ఉంది కదా అనేవాళ్ళు ఒక్కసారి ఆలోచించాలి. మీరు ఈ రోజు ఫోనులో వెతికినవన్నీ, రాసి పంపినవన్నీ, రాసి పంపకుండా చెరిపేసినవన్నీ ఇంట్లో అందరికీ వినబడేలా పైకి చదవాలంటే మీలో ఎంతమంది ఒప్పుకుంటారు? చేతులున్న మనిషికి రహస్యం అనేది అడగకుండానే దొరికింది. చెయ్యి చప్పుడు చెయ్యదు. నాలుక కూడా మాట్లాడనప్పుడు చప్పుడు చెయ్యదు. నోరు మూసుకుని ఉండగా లోపల అది ఎటు కదిలిందో పక్కనున్నవాడికి కూడా తెలియదు. నాలుకతో నడిచే పరికరం కావాలని నేను పట్టుబట్టేది అందుకు. మాట్లాడలేనివాళ్ళకే అది అవసరం అనుకోవడం పొరపాటు. మాట్లాడగలిగినా ప్రతిదీ మాట్లాడి చెప్పాల్సిన గతి పట్టినవాళ్ళకి కూడా అది కావాలి.

అలాంటివి ఉన్నాయా అంటే, ఉన్నాయి. చాలా ఏళ్ళుగా ప్రపంచంలో వాడుకలో ఉన్నది ఊదే గొట్టం. నోటి దగ్గర స్ట్రా లాంటిది ఉంటుంది. గట్టిగా ఊదితే చక్రాల కుర్చీ ముందుకి, గట్టిగా పీలిస్తే వెనక్కి, మెల్లగా ఊదితే ఒక పక్కకి, మెల్లగా పీలిస్తే ఇంకో పక్కకి. తేలికగా అర్థమయ్యే పద్ధతే. కానీ ఆజ్ఞలు నాలుగే, పైగా ఊపిరి ఖర్చు. ఊపిరి ఎవరికి తక్కువో వాళ్ళ దగ్గరే దాన్ని అడుగుతుంది.

అమెరికాలో జార్జియా టెక్‌లో మేసం ఘోవన్లూ బృందం వేరే దారి పట్టింది. నాలుక మీద కందిపప్పంత అయస్కాంతం. తలకి పెట్టుకునే పరికరంలో బుగ్గలకి దగ్గరగా ఉన్న సెన్సర్లు ఆ అయస్కాంతం ఎటు జరిగిందో పసిగడతాయి. నాలుక ఎడమ పన్నుని తాకితే ఒక ఆజ్ఞ, కుడి పన్నుని తాకితే ఇంకొకటి. మెడ దెబ్బతో కాళ్ళూ చేతులూ పడిపోయిన పదకొండుమంది దీన్ని వాడి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఊదే గొట్టం కంటే సుమారు మూడు రెట్లు వేగంగా పని జరిగింది, తప్పులు మాత్రం పెరగలేదు. మొదట్లో అయస్కాంతాన్ని జిగురుతో అంటించేవారు, అది ఊడిపోతూ ఉండేది. అందుకని నాలుకకి కుట్టించి బిగించారు.

నాలుకకి కుట్టడమా అని ఉలిక్కిపడేవాళ్ళని అర్థం చేసుకోగలను. కానీ మన గోదావరి జిల్లాల్లో వీరభద్రుడి సంబరాలు చూసినవాళ్ళకి నాలుకకి నారసం గుచ్చుకోవడం కొత్త సంగతి కాదు. భక్తి కోసం నాలుకని ఇచ్చేవాళ్ళు మనలో తరతరాలుగా ఉన్నారు. చేతుల కోసం ఇమ్మంటే మా బావ క్షణం ఆలోచించడు. నేను అడిగాను. "ఎప్పుడు?" అన్నాడు.

అయితే వేరే పద్ధతులూ వచ్చాయి. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో లొట్టె స్ట్రూయిక్ అనే ఆచార్యురాలు సెన్సర్లన్నీ అంగిట్లోకి మార్చింది. పళ్ళసెట్టు పలక లాంటి దాంట్లో సన్నటి తీగచుట్టలు, నాలుక మీద చిన్న లోహపు ముక్క. పలకలో కొంత భాగం కీబోర్డు, కొంత భాగం మౌస్. ఇందులో నాలుక మీద ముక్క తప్పదు. ఈ మధ్య మరో అడుగు పడింది. అమెరికాలో ఎమ్.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో చదువుకున్నవాళ్ళు పెట్టిన ఆగ్మెంటల్ అనే సంస్థ మౌత్‌ప్యాడ్ అనేది చేసింది. ల్యాప్‌టాప్‌లో వేలితో రాసే టచ్‌ప్యాడ్ ఉంటుంది కదా, దాన్ని అంగిట్లో పెట్టినట్టు. నాలుకకి ఏమీ తగిలించక్కర్లేదు. ఎవరి నోటి కొలత వాళ్ళకి తీసి చేస్తారు, బరువు పది గ్రాములు కూడా ఉండదు, బ్లూటూత్‌తో ఫోనుకి కలుస్తుంది. తినేటప్పుడు తీసెయ్యమంటారు.

మా అక్క భయం ఒక్కటే: "నోట్లో కరెంటా?" బ్యాటరీని పళ్ళకి వాడే రకం ప్లాస్టిక్‌లో పూర్తిగా మూసేస్తారని చెప్పాను. పూర్తిగా నమ్మిందని అనుకోను.

తెలుగు మాస్టారుగా నాకు ఇంకో భయం ఉంది. ఈ అంగిటి పరికరాలన్నీ పుట్టింది ఇంగ్లీషు, డేనిష్ మాట్లాడే నోళ్ళ మధ్య. మన నోరు వేరు. ఇంగ్లీషులో ట, డ అని మనం అనుకునే శబ్దాలకి నాలుక కొస పళ్ళ వెనక చిగురు దగ్గరే ఆగుతుంది. మన ట, డ, ణ, ళ అలా కాదు. నాలుక వెనక్కి మడిచి అంగిలి పైకప్పుని తాకాలి. మూర్ధన్యాలని పిల్లలకి నేర్పేది వీటినే. మాట్లాడటానికి నాలుక అంగిలిని తాకింది, ఆజ్ఞ ఇవ్వడానికీ తాకింది, తేడా పరికరానికి ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషు నోటితో నేర్పిన లెక్క మన నోట్లో కూడా సరిపోతుందని ఎవరైనా పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. బావ రోజులో ఎక్కువసార్లు అడిగేది "నీళ్ళు". ఆ మాటలోనే జంట ళ ఉంది. నీళ్ళడిగిన ప్రతిసారీ ఫోనులో ఏదో ఒకటి నొక్కుకుపోతే ఆ పరికరం నెల తిరగకుండా అటకెక్కుతుంది.

ఇదే సంగతిని తిరగేసి చూస్తే మనకి ఒక వరం దొరుకుతుంది. మన వర్ణమాల ఎలా పేర్చారో గుర్తుచేసుకోండి. క నుంచి మ దాకా అయిదు వర్గాలు: కంఠం, తాలువు, మూర్ధం, దంతాలు, పెదవులు. గొంతు నుంచి పెదవుల దాకా నోట్లో ఏ చోట పలుకుతామో ఆ వరసలోనే అక్షరాలున్నాయి. అది నోటి పటం. ఇంగ్లీషు కీబోర్డులో క్యూ పక్కన డబ్ల్యూ ఎందుకుందో నోటికి తెలియదు. మన చ వర్గం ఎక్కడుందో నాలుకకి పుట్టినప్పటినుంచీ తెలుసు. అంగిటి పలక మీద పళ్ళ వెనక తాకితే త వర్గం, కాస్త వెనక తాలవ్యాల చోట చ వర్గం, మడిచి పైకప్పున తాకితే ట వర్గం తెరిస్తే ఎలా ఉంటుంది? క వర్గానికి నాలుక మొదలు కావాలి, ప వర్గానికి పెదవులు. ఆ రెండిటినీ కుడి ఎడమ దవడ పళ్ళకి ఇవ్వొచ్చు. వర్గం తెరిచాక అయిదు అక్షరాల్లో ఒకటి ఎంచుకోవడమే. గుణింతాలకీ ఒత్తులకీ ఇంకా ఆలోచించాలి. కానీ ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు. ఏడో తరగతి దాకా కూడా చదవని మా బావకి ఆ కీబోర్డు ఎవరూ నేర్పక్కర్లేదు.

అది వచ్చేలోగా చేతికి దొరికినదానితో మేం చేసింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో స్విచ్ యాక్సెస్ అని ఒక సదుపాయం ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో 2021 నుంచి కెమెరాతో మన మొహం చూసి ఆజ్ఞలు తీసుకోవడం కూడా ఉంది. నోరు తెరవడం, నవ్వడం, కనుబొమలు ఎగరేయడం, కళ్ళు పైకో పక్కకో తిప్పడం. తెర మీద ఒక చదరం ఒక్కో గుర్తు మీదుగా జరుగుతూ ఉంటుంది, కావలసిన చోటికి వచ్చినప్పుడు నోరు తెరిస్తే అది నొక్కుకుంటుంది. పనిచేసింది. నెమ్మది. ఒక చిన్న మెసేజీకి పావుగంట. వెలుతురు తగ్గితే మొహం కనబడదు. పైగా కరెంటు పోయిన రాత్రుల్లోనే బావకి ఫోను ఎక్కువ కావాలి.

తర్వాత పళ్ళతో పట్టుకునే పుల్ల చేశాం. సన్నటి వెదురు పుల్ల, పళ్ళు ఆనే చోట సైకిల్ ట్యూబు ముక్క. ఎంత పొడిచినా ఫోను కదలలేదు. ఇప్పటి ఫోను తెరకి ఒత్తిడి అక్కర్లేదు, ఒంటి విద్యుత్తు తగలాలి. వెదురు దాన్ని మోయదు. మా తొమ్మిదో తరగతి పిల్లలు చాక్లెట్ కాగితం వెండి రేకు తెచ్చి పుల్ల పొడుగునా చుట్టారు. రేకు పెదవికి తగలగానే ఫోను పలికింది. ఆ తర్వాత బావే ఒకటి కనిపెట్టాడు. పుల్లని పళ్ళతో బిగించి, కొసని తెర మీద గుర్తుపై కదలకుండా ఆనించి ఉంచి, నోటి లోపలి రేకుని నాలుకతో తాకితే నొక్కినట్టు, తీస్తే వదిలినట్టు. తల ఊపే పని తగ్గింది, మెడ నొప్పి తగ్గింది. నాలుకతో నడిచే యంత్రం అంటే ఏమిటో మాకు తెలిసింది అప్పుడే, రూపాయి ఖర్చు లేకుండా.

పుల్లకి దాని బాధలు దానికి ఉన్నాయి. ఆరు నెలలకి ముందుపన్ను ఒకటి కదిలింది. అమలాపురంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, గులాబీ రంగు ముద్ద నోట్లో పెట్టి పళ్ళ అచ్చు తీసి, బరువు అన్ని పళ్ళ మీదా సమానంగా పడేలా కొరుక్కునే ముక్క చేసి పుల్లకి అతికించారు. అంగిటి అచ్చు కూడా అప్పుడే వచ్చింది. బల్ల మీద తెల్లగా ఆరుతున్న ఆ అచ్చుని చాలాసేపు చూశాను. ఆగ్మెంటల్ వాళ్ళైనా, డెన్మార్క్ వాళ్ళైనా మొదలుపెట్టాల్సింది ఈ కొలతతోనే. ఆ సగం పని మా ఊరికి పది మైళ్ళలో రోజూ జరుగుతోంది, పళ్ళసెట్ల కోసం.

మిగతా సగం కూడా డెల్టాలోనే ఉంది. భీమవరంలో విష్ణు ప్రాంగణంలో దంత వైద్య కళాశాల ఉంది, అదే ప్రాంగణంలో ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. అచ్చు తీసేవాళ్ళూ, సర్క్యూటు వేసేవాళ్ళూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు. కాకినాడలో జె.ఎన్.టి.యు. ఉంది, రంగరాయ వైద్య కళాశాల ఉంది. అన్నీ మొదటినుంచి కనిపెట్టనక్కర్లేదు. కెనడాలో నీల్ స్క్వయర్ సొసైటీ వాళ్ళు లిప్‌సింక్ అని పెదవులతో కదిపి, ఊది, పీల్చి నడిపే మౌస్ ఒకటి చేసి, దాని నమూనాలన్నీ ఎవరైనా చేసుకోవచ్చని బయట పెట్టేశారు. త్రీడీ ప్రింటరుంటే భాగాలు ప్రింటు చేసుకోవచ్చు. దాంతో మొదలుపెట్టి, మన నోటికి తగ్గ అంగిటి పలక దాకా వెళ్ళడానికి కావలసిన చదువు ఇక్కడ ఉంది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడుకోగలిగేలా దొరికేట్టు ప్రభుత్వం చూడాలంటుంది. ఉపకరణాలిచ్చే అడిప్ పథకం 1981 నుంచి ఉంది. శిబిరంలో బల్ల వెనక కూర్చున్న మనిషి కాగితంలో "చేతులు పనిచేస్తాయా?" అనే ప్రశ్న ఒకటి చేరాలి. లేదు అని రాసినవాళ్ళ ఎదుట నోటితో పట్టే పుల్ల, ఊదే గొట్టం, నాలుక పరికరం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. సైకిలు మాత్రం ఉండకూడదు.

దీన్ని కాదనేవాళ్ళలో ఒకరి మాట నన్ను నిజంగా ఆపింది. వెన్నుదెబ్బ రోగులని ఏళ్ళ తరబడి చూసిన ఒక నర్సమ్మగారు. "ముందు పుండ్లు పడకుండా పరుపు ఇవ్వండి, మూత్రం గొట్టం శుభ్రంగా మార్చడం నేర్పండి. మనిషి బతికితే కదా ఫోను" అంది. ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఒత్తిడి పుండ్లూ మూత్రం ఇన్ఫెక్షనూ మనిషిని చంపుతాయి. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టడంలో మా అక్క ఆరేళ్ళలో ఎన్ని రాత్రులు నిద్ర పోలేదో నాకు తెలుసు. పరుపు ముందు, నాలుక పరికరం తర్వాత. ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత అనేది రావాలి కదా. బావకి పుండ్లు లేవు. ఆరేళ్ళుగా చూరు వైపు చూస్తున్నాడు. బతికించాం అని మనం అనుకున్న చోట అతని రోజు మొదలవుతోంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఇది అందరికీ కాదు. నరాల కణాలు క్షీణించే కొన్ని జబ్బుల్లో నాలుక కూడా సన్నబడుతుంది, వాళ్ళకి కంటిచూపుతో నడిచేవి కావాలి. మణికట్టు ఎత్తగలిగినవాళ్ళకి చేతికి కట్టే పట్టీ చాలు. ఎవరికి ఏది మిగిలిందో అడిగి, దానికి తగ్గది ఇవ్వడం ఒక్కటే పద్ధతి.

మొన్న కార్తీక పౌర్ణమి రాత్రి ఇంట్లోవాళ్ళంతా దీపాలు వదలడానికి రేవుకి వెళ్ళారు. బావకి తోడుగా ఉండమని అక్క నన్ను పిలిచింది. నేను కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. వసారాలో లైటు తీసేసి ఉంది. ఫోను వెలుగు బావ మొహం మీద పడుతోంది. పుల్ల పళ్ళ మధ్య ఉంది, తల పెద్దగా కదలడం లేదు, బుగ్గ లోపల నాలుక మాత్రం కదులుతున్నట్టు తెలుస్తోంది. ఏదో రాస్తున్నాడు. చాలాసేపటి నుంచి రాస్తున్నాడనిపించింది, గడ్డం మీద చొంగ కారి ఉంది.

గేటు చప్పుడు విని నావైపు చూశాడు. పుల్ల కొసని కిందకి జరిపి హోమ్ గుర్తు మీద పెట్టాడు. రాసేది మాయమైపోయి, తెర మీద మేనల్లుడి ఫొటో వచ్చింది.

"వచ్చావా? కాసేపు అరుగు మీద కూర్చోరా. పిలుస్తాను," అన్నాడు పుల్ల పక్కకి వదిలేసి.

పుల్ల మళ్ళీ పళ్ళ మధ్య పెట్టి, గడ్డం తుడిచి, బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పిలవడానికి అరగంట పట్టింది.